మూడో డబ్బా పొగాకు

జులై 6, ఆదివారం

ఏలూరు. నా ప్రాజెక్టుకి మొదటి డబ్బా అయింది. శర్మ మాస్టారి వరండాలో మూడు కుర్చీలు, మూడు పైపులు, మూడు కాగితాలు. పొగాకు మాత్రం ఒక్కటే — జంగారెడ్డిగూడెం వైపు నుంచి తెప్పించిన పసుపు ఆకు. ఒకే కట్టలోంచి తీసి, ఒకేలా నలిపి, తూచి ఇచ్చాను. ఏ రుచి తగిలిందో రాయమన్నాను.

లెక్కల మాస్టారిగా రిటైరైన శర్మ గారు: "కొత్త పాఠ్యపుస్తకం. అట్ట వేయకముందు."

ఉండి అనే ఊళ్లో చేపల చెరువుల పని వదిలి వచ్చిన రాజు గారు: "బెల్లం పాకం కాస్త మాడితే."

రైల్వేలో చేసిన గార్డు గారు: "వానకి తడిసిన పట్టాల చెక్క."

"అందరికీ ఒకే ఆకు పెట్టారా అండి? మాస్టారికి మంచిదీ, మాకు నాసిదీ కాదు కదా?" — రాజు గారి అనుమానం.

మాస్టారి భార్య లలితమ్మ గారు కాఫీలు పెట్టి వెళ్తూ, "నలభై ఏళ్లుగా మానెయ్యండి మానెయ్యండి అని నేను పోరుతుంటే, ఇప్పుడు దీనికి పరీక్షలు కూడానా దుర్గా!"

నాకు భలే సంతోషంగా ఉంది. పాఠ్యపుస్తకం, పాకం, పట్టాలు. ఎవరి బతుకులోంచి వాళ్లు మాట తీసుకున్నారు.

జులై 7

తాడేపల్లిగూడెం, కాలేజీ. గైడ్ మేడమ్ ఆ కాగితాలు చదివారు, నవ్వలేదు. "పట్టాల చెక్క రుచిని నేనెలా కొలవాలి దుర్గా?"

కనీసం ఒక్క డబ్బా విషయంలోనైనా ముగ్గురూ ఒక మాట మీదకి రావాలట. ఆగస్టు ఒకటిన రివ్యూ. అప్పటికీ ఇలాగే ఉంటే టాపిక్ తీసేసి మామిడి తాండ్ర చేయమన్నారు. అంటే మళ్లీ మొదటి నుంచి. సెమిస్టర్ పోయినట్టే. మా ఇంట్లో పలక పట్టిన మొదటి మనిషిని నేను. సెమిస్టర్ పోవడమంటే ఏమిటో అక్కడ విడమరిచి చెప్పడం కూడా నాకు చేతకాదు.

నా టాపిక్కే — ఒకే పొగాకు పైపు కాల్చేవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకు తోస్తుంది అని. తేడా ఎందుకని అడుగుతుంటే తేడా లేదని చూపించమంటారేం?

ఈ మాట అనలేదు. "అలాగే మేడమ్" అన్నా.

జులై 9

హాస్టల్లో తనిఖీ. "ఆడపిల్ల మంచం కింద పొగాకా!" — వార్డెన్. ప్రాజెక్టని కాలేజీ ఉత్తరం చూపించాను. ఉత్తరం రెండుసార్లు చదివి, చాలా బాగుందన్నారు. డబ్బాలు మాత్రం బయటికే.

జులై 12, శనివారం

కొల్లేటికోట, మా ఊరు. కైకలూరు దాకా బస్సు, తర్వాత ఆటో, రోడ్డు మీద నీళ్లు... చివరికి పడవ.

రేపటి డబ్బా సంచిలోనే ఉంచుకున్నా. మూడోది మామ్మకి అప్పగించా. అందులో పసుపు ఆకూ లంక పొగాకూ చెరి సగం కలిపాను. గలగలా పొడి కాకుండా నీళ్లు చల్లి ఉంచాను. మామ్మ చుట్ట పంటి కింద పెట్టుకునే మూత తీసి చూసింది.

"తడి ఆకుని డబ్బాలో కుక్కుతారటే ఎవరైనా? బూజు పట్టిపోదూ?"

"ఇది సైన్సు మామ్మా."

"ఓహో, సైన్సుకి బూజు పట్టదు కాబోలు."

నాన్న పక్కన వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. "పొగ రుచికి కూడా చదువుందా అమ్మా!" ఆ మాట రాత్రి అన్నం దగ్గర మళ్లీ అన్నాడు. పొద్దున పడవ ఎక్కించేటప్పుడు పడవవాడికీ చెబుతాడు, నాకు తెలుసు.

జులై 13

రెండో డబ్బా, లంక పొగాకు. మళ్లీ మూడు దార్లే. మాస్టారికి చింతపండు. గార్డు గారికి ఇంజను బొగ్గు. రాజు గారు "మంట" అని ఒక్క ముక్క రాసి కలం పెట్టేశారు.

ఈసారి కాగితాలు కాదు, మనుషుల్ని చూశాను. మాస్టారు వేడి పాలు చప్పరించినట్టు మెల్లగా. గార్డు గారిది మాటల్లో పడి ఆరిపోతుంది, మళ్లీ వెలిగిస్తారు. రాజు గారు మాత్రం రైలందుకోవాలన్నట్టు గబగబా... ఆయన పైపు ముట్టుకుంటే చెయ్యి కాలింది.

"ఒక్కసారి మాస్టారిలా నెమ్మదిగా పీల్చి చూడండి" అన్నాను.

పీల్చారు. ఆగారు. "ఇదేంటండీ... తియ్యగా ఉంది! అయితే ఇన్నేళ్లూ నేను నాలుక కాల్చుకున్నానా అండి?"

గార్డు గారు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు.

జులై 15

మాస్టారు కాఫీకి ముందు ఒకటి రాస్తారు, కాఫీ తర్వాత ఒకటి. ఆయన ఒక్కరే ఇద్దరు. మేడమ్‌కి ఎలా చెప్పను?

జులై 19

డబ్బా కోసం ఇంటికి. "నీ సైన్సు భద్రంగా ఉంది, తీస్కో" అంది మామ్మ. మూత తీసి వాసన చూశా. తేడా ఏమీ లేదు. ఆకు కాస్త ఆరింది, అంతే.

జులై 20, ఆదివారం

కుదిరింది! ముగ్గురికీ కుదిరింది!

మాస్టారు మొదటి దమ్ము పీల్చి కళ్లు మూసుకున్నారు. "ఆహా, దివ్యం అమ్మాయ్! హోమం పొగలా... దాని కింద ఎక్కడో ఉప్పగా." రాయకుండా పైకి అనకూడదని ఎన్నిసార్లు చెప్పానో. పోనీలే. కాగితాలు చూస్తే — మాస్టారు: పొగ, ఉప్పు. రాజు గారు: పొగ, ఉప్పు. గార్డు గారు పైన ఏదో రాసి కొట్టేశారు, కింద: పొగ, ఉప్పు. మాస్టారు రెండోసారి పైపు కూరుకున్నారు. లలితమ్మ గారు కిటికీలోంచి, "అంత బాగుందేమిటండీ ఇవాళ?"

స్టేషన్‌కి ఆటో ఎక్కలేదు, నడిచాను. నడిచినట్టే లేదు.

జులై 21

మేడమ్ నవ్వారు. "చూశావా, పట్టుబడితే వస్తుంది. ఇదే పెట్టి రివ్యూకి రాసెయ్." మామిడి తాండ్ర కాగితం సొరుగులోకి పోయింది.

జులై 26, శనివారం

రాయాలని లేదు. రాస్తాను.

ఇంటికి స్వీట్లు తీసుకెళ్లా. ముగ్గురూ ఒకే మాట చెప్పారని మామ్మకి చెప్పా. చుట్ట తీసి పక్కన పెట్టింది. "చెప్పరూ మరి? నేను ఆరబెట్టానుగా."

"ఎక్కడ ఆరబెట్టావు?"

పాకలో కట్టెల పొయ్యి పైన వేలాడే బుట్టలో. వానల్లో ఎండు చేపలు మెత్తబడకుండా వేసే బుట్ట అది. చేపలు ఒక పక్కకి జరిపి, నా ఆకు రెండో పక్క పరిచిందట. వారం రోజులు. కింద పొయ్యి పొగ, పక్కన ఎండు చేప.

"వానాకాలంలో ఏ వస్తువైనా అక్కడే కదే బతికేది!" తప్పేం చేసిందని? మా ఊళ్లో ఎవరైనా అదే చేస్తారు.

మరి నేను మూత తీసి చూశానే! ముక్కు పెట్టి మరీ చూశాను. నాకు తెలియలేదు... ఆ వాసనలో పుట్టి పెరిగాను. నాకది వాసనే కాదు.

జులై 27

ఏలూరు వెళ్లలేదు. జ్వరమని ఫోన్ చేశా. జ్వరం లేదు.

జులై 28

ఖాళీ డబ్బా మెస్‌లో వంటక్కకి ఇచ్చి వాసన చూడమన్నా. "చేపలు అయిపోయాక డబ్బా ఇస్తావేంటి?" అంది. మూత కూడా తీయలేదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆ ఒక్క ఫలితం కూడా పోతుంది. మామిడి తాండ్ర సొరుగులోంచి బయటికొస్తుంది. పైగా మాస్టారు — ఉల్లిపాయ కూడా తినని ఇల్లు. ఆయనకి ఎండు చేప పొగ పట్టించాను. రెండుసార్లు.

జులై 30

చెప్పేశాను. ముందు మాస్టారికి.

వరండాలో గార్డు గారు కూడా ఉన్నారు. నేను నేల చూస్తూ అంతా చెప్పాను. మొదట తేరుకున్నది లలితమ్మ గారే, "హవ్వ! ఎండు చేపా? లేవండి, లేవండి, ముందు తలస్నానం చేద్దురుగాని!"

మాస్టారు కదల్లేదు. "పొగకి ముళ్లుంటాయటే?"

అంతే, గార్డు గారు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. లలితమ్మ గారు నీళ్లు తోడటానికి లోపలికి వెళ్లగానే మాస్టారు గొంతు తగ్గించి, "అమ్మాయ్, అది ఇంకా ఏమైనా మిగిలిందా?"

అప్పుడు గార్డు గారు అసలు సంగతి చెప్పారు. "నేను ముందు పట్టాలనే రాశానమ్మా. మాస్టారు హోమం అన్నారు, ఉప్పన్నారు. పెద్దాయన అంత బాగుందంటుంటే నాకొక్కడికీ పట్టాలేంటని కొట్టేశాను."

రాజు గారికి ఫోన్ చేశా. "చేపల చెరువులవాణ్ణి, నాకు చేప తెలియదా అండి? మొదటి దమ్ములోనే తెలిసిపోయింది. మాస్టారు అంత ముచ్చటగా పీలుస్తున్నారు. ఎలా చెప్పమంటారు? బాగోదు కదండీ."

అంటే ముగ్గురూ ఒక మాట మీదకి రాలేదు. ఒకరినొకరు నొప్పించలేదు, అంతే. నేను దానికి ఫలితమని పేరు పెట్టాను.

జులై 31

అంతా రాశాను. బుట్ట, చేపలు, పొయ్యి, కొట్టేసిన పట్టాలు, రాజు గారి మర్యాద. నా ముక్కు గురించి కూడా ఒక పేరా. ఇంత నిజం నేనెప్పుడూ రాయలేదు. మధ్యలో రెండుసార్లు నవ్వొచ్చింది.

ఆగస్టు 1

రివ్యూ.

మేడమ్ మొదటి పేజీ దగ్గర ముఖం ముడుచుకున్నారు. మూడో పేజీ దగ్గర పెదవి బిగపట్టారు. "ముళ్లుంటాయటే" దగ్గర ఇక ఆపుకోలేకపోయారు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇది ఫలితం కాదు దుర్గా, తెలుసు కదా."

"తెలుసు మేడమ్."

చాలాసేపు పేజీలు వెనక్కి తిప్పారు. "మీ మామ్మ చుట్ట కాలుస్తారన్నావు. వాళ్లతో పాటు కూర్చుంటారేమో అడుగు. పైపు అలవాటున్న ముక్కు, చుట్ట అలవాటున్న ముక్కు. మళ్లీ కొత్త ఆకు. ఒకరి కాగితం ఒకరు చూడకుండా. పది రోజులు ఇస్తాను. అప్పుడు చెబుతా, టాపిక్ ఉంచాలో తీసేయాలో."

మామిడి తాండ్ర కాగితం సొరుగులోంచి మళ్లీ బల్ల మీదకి వచ్చింది. నాకు కనబడేలా.

సాయంత్రం మామ్మకి ఫోన్. నాన్న పట్టుకుని ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"వస్తానే, ఎందుకు రాను? పొగాకు గురించి ఆళ్లకేం తెలుసు, చెక్క గొట్టాలు పెట్టుకుని." మళ్లీ తనే, "అన్నట్టు... ఆ పంతులుగారింట్లో నన్నెక్కడ కూచోమంటారు?"

"కుర్చీలో మామ్మా. అందరితో పాటు."

"నువ్వంటున్నావా, ఆళ్లన్నారా?"

మాస్టారింటికి ఫోన్ చేశాను. లలితమ్మ గారు ఎత్తారు. గొంతులో నవ్వు. "చెప్పు దుర్గా, ఈసారేం తెస్తున్నావు మా మీదికి?"

"మా మామ్మనండి" అన్నాను. ఎందుకొస్తోందో చెప్పాను, ఎక్కడ కూచోమంటారని మామ్మ అడిగిన మాటా చెప్పాను.

అటు కుక్కర్ కూత వేసింది. "ఉండమ్మా, స్టవ్ కట్టేసి నేనే ఫోన్ చేస్తాను."

గంటైంది. ఇంకా చేయలేదు.