పోయిండు అన్న మాట

మదీనాగూడ,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

అమ్మకు,

కరుణ వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న కూడా బాగున్నారు. ఆ మాట ముందే రాసేస్తున్నాను, ఇక మిగతాది కంగారు పడకుండా కూర్చుని చదువు. విశాఖలో చెల్లి ఏంజెల్, పసిదీ కులాసాగా ఉన్నారని చదివి నా ప్రాణం కుదుటపడింది. పిల్లకు కామెర్లు తగ్గాయన్నావు, సంతోషం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటంటావు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. నేనిక్కడ తుమ్మితే అక్కడ మీ వియ్యపురాలు కషాయం చెబుతారు. ఇది పదిమందిలో వినాల్సిన సంగతి కాదమ్మా.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న మాత్రలు వేసుకుంటున్నారు. కొత్త పతకం అందుకునే రోజుకని నువ్వు చెప్పిన కోటు ఇంకా కుట్టించలేదు, ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. పాస్టర్ గారు నాన్న పేరు చెప్పి ప్రార్థన చేశారు, నువ్వు అప్పుడే ఆయనకు చెప్పేశావన్నమాట! ఇక మంగళవారం నీకు ఫోన్ చేసి, "అమ్మా" అని ఏడ్చి ఎందుకు పెట్టేశానంటావా? ముందే చెబితే నీకు అర్థం కాదు. చివర్లో చెబుతాను.

నీకు తెలిసిందే కదా, డెబ్బై ఒకటి యుద్ధంలో నాన్నకు ఇచ్చిన సేనా మెడల్ చాలదు, ఆయన చేసినదానికి వీర్ చక్ర దక్కాల్సిందని పాత రెజిమెంటు వాళ్ళు ఇన్నేళ్ళకు మళ్ళీ కదిపారు. కళ్ళారా చూసిన మనిషి ఒకరు సాక్ష్యం చెప్పాలన్నారు. ఆ మనిషి ఎక్కడ దొరికాడనుకున్నావు? ప్రగతి నగర్‌లో! సాయన్న అని, సిద్దిపేట వైపు ఆయన. మనవడి దగ్గరుంటూ రోజూ చెరువు చుట్టూ నడుస్తాడట. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది మన పని.

కిందటి ఆదివారం ఆయన మనింటికి వచ్చాడు. వాంగ్మూలం రికార్డు చేసుకోవడానికి రిటైర్డ్ మేజర్ సోమేశ్వరరావు గారు కూడా వచ్చారు. నేను మహా హుషారుగా కారప్పూస, అల్లం టీ పెట్టాను. నాన్నను చూసి సాయన్న కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత ఇద్దరూ చేతులు పట్టుకున్నారు, కానీ సాయన్న త్వరగా వదిలేశాడు. నేనది పట్టించుకోలేదు.

నాన్న కథ మనకు కంఠతా వచ్చు. పొగమంచులో, మందుపాతరల పొలంలో ఒక్కరే పాక్కుంటూ వెళ్ళి, అవతలి మెషిన్‌గన్ నోరు మూయించి, దెబ్బతిన్న ఆఫీసరును వీపు మీద మోసుకొచ్చారు. "అది ధైర్యం కాదే, నా నేస్తం కొమురయ్య చనిపోయాడని వినేసరికి ఒళ్ళు తెలియలేదు" అనేది ఆయన ఎప్పుడూ చెప్పే మాటే. మేజర్ గారు సరిగ్గా అక్కడికే వచ్చారు.

"సాయన్న గారూ, ప్రభుదాస్ గారు ముందుకు దూకే ముందు ఏం జరిగిందండీ?"

"ఏముంది సార్. కొమురయ్య ఏడిరా అని దాసు నన్నడిగిండు. పోయిండు అన్న. గంతే, పులి లెక్క దుంకిండు."

"అదేనండీ," అన్నారు నాన్న. "వాడు చచ్చిపోయాడనేసరికి..."

సాయన్న టీ కప్పు కింద పెట్టాడు. "సచ్చిపోయిండని నేనెప్పుడన్న?"

"పోయాడన్నావుగా!"

"పోయిండన్న. దారికి గుర్తువెట్టే తెల్లపట్టీ అయిపోతే, ఇంకోటి తెస్తనని కాలువ దిక్కు పోయిండు. పోయిండంటే పోయిండే! సస్తే సచ్చిండు అంటగద?"

నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేను వాడు చనిపోయాడని ఆఫీసర్లకు చెప్పాను సాయన్నా," అన్నారు. "వాళ్ళు వెతకడానికి ఎవర్నీ పంపలేదు."

"గందుకేనా ఎవ్వలు రాలే?" సాయన్న నాన్న వైపు వంగాడు. "కాలుకు దెబ్బ దాకి కాలువల వడ్డడు. మాపటికి దొరికిండు. పగటీలి దాక పాణం ఉండెనని డాక్టర్ సాబ్ అన్నడు. నేను దవాఖానల ఉండి ఇన్న. నువ్వు ఎర్కుండే ఇడిసిపెట్టినవనుకున్న దాసూ. గందుకే ఎన్నడు నీ మొకం సూడబుద్ధి కాలే."

మధ్యాహ్నం దాకా బతికే ఉన్నాడట అమ్మా కొమురయ్య, సాయంత్రానికి గానీ దొరకలేదు. మనం కోస్తా వాళ్ళం, వెళ్ళాడంటాం. పోయాడంటే మనకు ఒకటే అర్థం. మనింట్లో ఎవరైనా "పోతున్నా" అంటే నాన్న ఎంత మండిపడేవారో గుర్తుందా? వెళ్ళొస్తానని అనిపించేదాకా గడప దాటనిచ్చేవారు కాదు. పట్టింపు అనుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ మాట ఆయన చెవిలో ఇన్నేళ్ళూ పొగమంచులోనే వినిపిస్తోందని మనకేం తెలుసు?

నా సంగతి నీకు తెలుసు కదా, నోరు ఆగదు. "అంకుల్, ఆ ముక్క రాయక్కర్లేదు కదా? నాన్న చేసింది నిజమే కదా!" అనేశాను. మేజర్ గారు తల ఊపబోతున్నారు. నాన్న నావైపు చూసి, "రాయాలి," అన్నారు. ఆ తర్వాత రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

ఇక మంగళవారం సంగతి. రాయదుర్గం ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. మా వాచ్‌మన్ భార్య లచ్చవ్వ ఫోన్ చేసింది. "కరుణమ్మా, మీ నాయిన పోయిండమ్మా!"

అంతే, ఇంకేమీ వినలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నదాన్ని. ఆ మాటకు అర్థం మొన్ననే మన హాల్లో విన్నదాన్ని. అయినా నా చెవికి ఒకటే వినిపించింది. చెప్పులు బల్ల కిందే వదిలేసి కిందికి పరుగెత్తాను. ఆటోలో నీకు ఫోన్ చేసి, నోరు పెగలక పెట్టేశాను. హఫీజ్‌పేట బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగితే ఆటో దిగి, బండ్ల మధ్య నుంచి పరుగు తీశాను. హారన్లు, తిట్లు, ఏవీ తాకలేదు. ఒక లారీ పక్కనే బ్రేకు వేసిందని తర్వాత గుర్తొచ్చింది.

గేటు దగ్గర లచ్చవ్వ నిలబడి ఉంది. "గట్ల ఉరుకొస్తున్నవేందమ్మా? గా మొన్నొచ్చిన ముసలాయినతోని కారెక్కి సిద్దిపేట దిక్కు పోయిండు. నీకు జెప్పుమన్నడు."

మెట్ల మీద కూలబడి ఏడ్చాను. తర్వాత నవ్వాను. ఆ తర్వాత పాపం లచ్చవ్వను అనవసరంగా తిట్టాను. ఇదమ్మా నీకు చెప్పకుండా దాచింది. ఆ కాసేపు నాకు నాన్న లేరు. ఆ కాసేపు నాకు చావంటే భయం కూడా లేదు. అందుకే ఆ రోజు ఆ మాట సరిగ్గా ఎందుకు వినలేదని ఆయన్ను నేను అడగలేను.

నాన్న వెళ్ళింది కొమురయ్య భార్య ఎల్లమ్మ దగ్గరికి. జరిగిందంతా చెప్పారట. ఆమె లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుందట. నాన్నా, సాయన్నా ఎండలో అరుగు మీదే కూర్చున్నారు. చాలాసేపటికి కంచం పట్టుకుని బయటికొచ్చిందట. "గా మాట మాదయ్యా. నీకు సమజ్ కాలే. ఏడ్సుడు నాకు అయిపోయింది, ఇగ నువ్వెన్నొద్దులు ఏడుస్తవు? తిను." నాన్న అక్కడ అన్నం తిన్నారు.

నిన్న మేజర్ గారికి వాంగ్మూలం మొత్తం చెప్పేశారు. కాల్పుల్లో తెల్లపట్టీ కోసం ఒంటరిగా వెళ్ళిన కొమురయ్య పేరు ముందు రాయమన్నారు, తన పొరపాటు తర్వాత. ఇలా పంపితే కొత్త పతకం రావడం కష్టమని, పాతదాని మీద కూడా ప్రశ్నలొస్తాయని మేజర్ గారు అన్నారు. "అడిగితే ఇచ్చేస్తానండీ," అన్నారు నాన్న. కాబట్టి అమ్మా, కోటు మాట మరిచిపో. ఫోన్‌లో ఆయన్ను ఏమీ అనకు, నీ చేతి పప్పుచారు గురించి మాట్లాడు చాలు.

ఇందాక మా షారోన్ ట్యూషన్‌కి బ్యాగు తగిలించుకుని, "తాతా, పోతున్నా!" అని నాలిక కరుచుకుంది. నేను వంటింట్లోంచి తొంగి చూశాను. నాన్న పేపరు దించారు. గడప దాకా వచ్చి, దాని తల మీద చెయ్యి వేసి, "పోయిరా తల్లీ," అన్నారు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
కరుణ