ఫోటోలోని రెండవ సభ్యుడి గురించి

రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా
తేది: 11 ఏప్రిల్ 2025

ఆదివాసీ వ్యాపార భాగస్వామ్య పథకం అధికారి గారికి,

అయ్యా,

విషయం: ఇప్పపువ్వు ఏరే ఫోటోలో కనిపించిన రెండవ సభ్యుడి పేరు, ఆధార్ నంబరు సమర్పించలేకపోవుట గురించి.

తమరు తెలుగు చదవగలరని తెలిసి ఈ అర్జీ తెలుగులో పెట్టుకొంటున్నాను. మరాఠీలో రెండుసార్లు రాసి చించేశాను. ఎంత రాసినా నా భయం అందులోకి రాలేదు.

1. నా భర్త పోశంకు బొగ్గు గనిలో కాంట్రాక్టు పని పోయిన పిమ్మట, పక్క గూడెంలోని గోండు మహిళ ప్రణాలి మడావితో కలిసి ఇప్పపువ్వు లడ్డూల వ్యాపారము ప్రారంభించితిని. ఆమె పువ్వు ఏరును. నేను లడ్డూలు చుట్టి రాజురా, బల్లార్‌పూర్ దుకాణాలకు వేయుదును. పెద్ద వాటా ఆమెది. ఇప్పుడు రెండిళ్లకూ ఇదే ఆధారం.

2. ఆదివాసీ భాగస్వామి స్వయముగా పువ్వు ఏరుచు, కెమెరా వైపు చూచుచున్న ఫోటో ఇవ్వవలెనని పథకం నిబంధన. పువ్వు రాలేది తెల్లవారేటప్పుడు. గూడెం ఆడవాళ్లు ఎప్పుడూ జంటగా పోతారు. ఒకరు వంగి ఏరితే ఇంకొకరు నిలబడి అడవి వైపు చూస్తారు. ఫోటోలో ఒక్కరే ఉండవలెనని తమవారు అన్నందున కాపలాకు ఎవరినీ తీసుకుపోలేదు. ప్రణాలి అడవికి వీపు పెట్టి కూర్చుంది. నేను ఫోనులోకి చూస్తూ కొంచెం నవ్వమన్నాను. నవ్వింది.

3. సదరు ఫోటోను తమ కార్యాలయము తిప్పి పంపినది. "వెనుక పొదలో నమోదు కాని రెండవ సభ్యుడు కనిపించుచున్నాడు. పేరు, ఆధార్ నంబరు తెలుపవలెను" అని రాసి ఉన్నది. ఎవరా అని ఫోటోను పెద్దది చేసి చూసితిని.

అయ్యా, అది పులి. మసక వెలుతురులో తమవారు మనిషి అనుకొని ఉంటారు, తప్పు పట్టను. ప్రణాలి వెనక ఇరవై అడుగులు కూడా లేదు. ఆ ఫోటో తీశాక కూడా మేము గంటసేపు అక్కడే పువ్వు ఏరాము.

4. పదిహేనో తేదీ లోపల అదే చెట్టు కింద, అదే సమయానికి, రెండవ సభ్యుడు లేకుండా మరల ఫోటో పంపనిచో భాగస్వామ్యము రద్దగునని, పథకం కింద ఇచ్చిన పువ్వు ఎండబెట్టే యంత్రము వాపసు తీసుకొందురని తెలిపినారు. ఆ సభ్యుడు రాకుండా చూచుట నా చేతిలో లేదు.

కనుక పాత ఫోటోనే మంజూరు చేయవలెనని, లేనిచో ప్రణాలి ఇంటి ముందు, పువ్వు గంపతో ఫోటో తీయుటకు అనుమతించవలెనని రెండు చేతులు జోడించి వేడుకొంటున్నాను. తమరు ఒక్కసారి ఆ ఫోటోను పెద్దది చేసి చిత్తగించవలెను.

తమ విధేయురాలు, భయస్థురాలు
స్నేహలత

తా.క.: జవాబు రాకుంటే పద్నాలుగున పోక తప్పదు. నిన్న ప్రణాలికి ఆ ఫోటో చూపించాను. "అక్కా, గీసారి నువ్వు ఫోన్ల సూడకు. నా ఎన్క సూడు" అన్నది. కావున ఫోటో వంకరగా వస్తే తిప్పి పంపవద్దని మనవి.