యాభై కిలోల పిల్ల

నాన్నగారికి,

మూడు వారాలుగా ఫోన్ ఎత్తడం లేదని అమ్మ దగ్గర కోప్పడ్డారట. ఫోన్‌లో అయితే మీరు నా మాట పూర్తి కానివ్వరు. అందుకే రాస్తున్నాను. ఉత్తరాన్ని మధ్యలో ఆపి "అసలు సంగతి చెప్పు" అనలేరు కదా.

అసలు సంగతి, నేను ఈ కోచ్ ఉద్యోగం మానేస్తున్నాను. రాజీనామా రాసి సొరుగులో పెట్టాను. సోమవారం మా సంఘం అధ్యక్షుడి చేతికిస్తాను.

మా కుస్తీ జట్టులో పదహారేళ్ల పిల్ల ఒకతి ఉంది. బక్కగా, చలాకీగా ఉంటుందని తోటివాళ్లు పిచ్చుక అంటారు. నేనూ అలాగే పిలుస్తాను. పెద్ద పోటీలకి దాని పేరు యాభై కిలోల విభాగంలో ఇచ్చాను. రెండు రోజుల ముందు తూకం వేస్తే యాభై రెండున్నర వచ్చింది. తర్వాత ఏం చేశానో మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు, మీ దగ్గర నేర్చుకున్నదే. హాలు వెనక సామాన్ల గది కిటికీలు మూసేశాను. రెండు చొక్కాల మీద ప్లాస్టిక్ రెయిన్‌కోటు వేయించి తాడు గెంతించాను. మంచినీళ్లు ఆపేశాను. ఉమ్మి పోతే బరువు ఇంకొంత తగ్గుతుందని నోట్లో చూయింగ్ గమ్ వేసి, చేతికి ఖాళీ సీసా ఇచ్చాను. రెండో రోజు మధ్యాహ్నానికి సీసా సగం నిండింది. చిక్కగా, నురగ నురగగా. ఎంతైందో చూద్దామని దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను నాన్నా, నేను.

ఆ గది వాసన ఇప్పటికీ నా బట్టల్లో ఉన్నట్టే ఉంది. చెమట, రబ్బరు, పులిసిన నోరు. పిల్ల గెంతుతూ గెంతుతూ వంగి వాంతి చేసుకుంది. కడుపులో ఏముంది గనక, పచ్చటి నీళ్లు. నేను దగ్గరికి పోలేదు. గుమ్మంలో నిలబడే అన్నాను: "మంచిదేలే. ఇంకో పావు కిలో పోయింది."

ఆ మాట ఎవరిదో గుర్తుందా? నాకు పదిహేడేళ్లప్పుడు, తూకం గదిలో, జట్టందరి ముందూ మీరన్న మాట. అందరూ నవ్వారు. మీరూ నవ్వారు. ఇరవై రెండేళ్ల తర్వాత పొల్లు పోకుండా, మీ సాగదీతతో సహా, నా నోట్లోంచి ఊడిపడింది. అది విని పిచ్చుక మూతి తుడుచుకుంటూ నవ్వింది. నాకు నచ్చాలని నవ్వింది. "అవును మేడం" అంది. ఆ రోజు నేనూ మీకు నచ్చాలని అలాగే నవ్వాను.

ఆ సాయంత్రమే హెడ్ కోచ్ పదవి కోసం ఒక కాగితం రాసివ్వాలి. నా శిక్షణ విధానం, నా నాయకత్వ పద్ధతి, పేజీకి మించకుండా. సీసా పట్టుకున్న చేత్తోనే రాశాను: "క్రీడాకారిణి ఆరోగ్యమే నా తొలి బాధ్యత. భయంతో కాక నమ్మకంతో నడిపిస్తాను." పిల్ల పోటీలో బంగారు పతకం గెలిచింది. నాకు పదవి వచ్చింది. గెలిచిన సాయంత్రం సన్మాన సభలో అధ్యక్షుడు ఆ పేజీని మైకులో చదివించాడు. చప్పట్లు. నా పక్క కుర్చీలో పిచ్చుక, మెడలో పతకంతో, కొంకర్లు పోయిన వేళ్లని ఒళ్లో దాచుకుని కూర్చుంది.

మర్నాడు ఆసుపత్రిలో పడేశాం. మూత్రపిండాలు పాడైపోవడం వెంట్రుకవాసిలో తప్పిందని డాక్టరమ్మ చెప్పింది. "ఇలా ఎవరు చేయించారు?" అని అడిగింది. పిల్ల నావైపు చూడకుండా "నేనే చేసుకున్నానండీ, మేడంకి తెలీదు" అంది. నేను నోరు మెదపలేదు. నన్ను చూస్తే నాకే రోతగా ఉంది.

ఇంకొకటి అమ్మకి కూడా చెప్పలేదు. ఇప్పటికీ పొద్దున్నే మంచినీళ్లు తాగే ముందు బరువు చూసుకుంటాను. ఆకలేస్తే గర్వంగా ఉంటుంది. కడుపునిండా తింటే దొంగతనం చేసినట్టు ఉంటుంది. ఆట మానేసి పదమూడేళ్లయింది, ముప్పై తొమ్మిదేళ్లదాన్ని. ఈ జబ్బుని ఇంకో పిల్లకి అంటించలేను.

మీ చిట్టి

*

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్లు మండింది. నీకు పతకాలు ఎవరివల్ల వచ్చాయో గుర్తు చేస్తూ రెండు పేజీలు రాశాను. మీ అమ్మ చదివి, "ఇప్పుడు కూడా దానికి పాఠమే చెప్తారా" అని బల్ల మీద పడేసి వెళ్లింది. అది పంపడం లేదు.

ఆ తూకం గది నాకు గుర్తుంది. అప్పటి సంఘం కార్యదర్శి నా పక్కనే నిలబడి ఉన్నాడు. కూతురని గారం చేస్తున్నానని అంతకుముందే నలుగురిలో అన్నాడు. నువ్వు వాంతి చేసుకోగానే నా మొహంలోకి చూశాడు. నేను జోకేశాను. నన్ను గట్టివాణ్ననుకున్నావు. పిరికివాణ్ని. తర్వాత అదే అలవాటైపోయింది. దాన్ని జనం క్రమశిక్షణ అన్నారు, నేనూ నమ్మేశాను. నన్ను క్షమించమని అడగను. అడిగితే నీ నెత్తిన ఇంకో పని పెట్టినట్టవుతుంది.

నువ్వు పోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. వెతికి వెతికి నాలాంటివాణ్నే తెచ్చి కూర్చోబెడతారు. వాడికి రోత పుట్టదు. పుట్టినదానివి నువ్వు. ఆపైన నీ ఇష్టం.

నాన్న

*

నాన్నగారికి,

జవాబు నాలుగు నెలలు ఆలస్యమైంది. రాజీనామా ఇవ్వలేదు. మీరు చెప్పారని ఆగాననుకోకండి.

ఆ సోమవారం అధ్యక్షుడి దగ్గరికని బయల్దేరి ముందు ఆసుపత్రికి వెళ్లాను. పిచ్చుక మంచం దగ్గర వాళ్లమ్మ కూడా ఉండగానే, "చేయించింది నేను" అని డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ రాసుకుంది. తల్లి మాత్రం వరండాలో నా చెయ్యి పట్టుకుని, "పోనీలెండి మేడం, పతకం వచ్చిందిగా. వచ్చేసారి కాస్త ముందునుంచీ తగ్గిద్దాం" అంది. నాకు చెయ్యి విదిలించుకోవాలనిపించింది. ఆ మాట ఆవిడ చేత అనిపించింది కూడా మనలాంటివాళ్లమే కదా. నేను తప్పుకుంటే శుభ్రమయ్యే గది కాదిది.

మర్నాడు జట్టుని మ్యాట్ మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను, సీసాతో సహా. వాళ్లకి నామీద కోపం రావాలని చూశాను. ఒక్కళ్లకీ రాలేదు. అందరూ బుద్ధిగా తలలూపారు. అంత బాగా తయారు చేశాను వాళ్లని.

ఇక మీదట కడుపునిండా తిన్నాక ఎంత ఉంటే ఆ విభాగంలోనే ఆడాలన్నాను. బరువులు డాక్టరమ్మే చూస్తుంది, నేను చూడను. ఇది విని అధ్యక్షుడు నన్ను పిలిపించాడు. "ఇదేం కొత్త పద్ధతమ్మా?" అన్నాడు. "మీరు మైకులో చదివించిందేనండీ" అన్నాను. నిజంగా చేస్తానని ఆయన అనుకోలేదు పాపం. వారం తిరక్కుండా హెడ్ కోచ్ పదవి తీసేసి, ఇక నాకు చిన్నపిల్లల జట్టు, పెద్దవాళ్లలో నా దగ్గరే ఉంటామని అడిగినవాళ్లుంటే వాళ్లూ అన్నారు. ఐదుగురు వీధి చివరి కోచ్ దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడ ఎండాకాలంలోనూ కిటికీలు మూసే ఉంటాయి. ఆ గోడ పక్కనుంచి నడిస్తే అదే వాసన. ముక్కు మూసుకుని పోను. అందులో నావాళ్లు ఐదుగురున్నారు.

పిచ్చుక నా దగ్గరే ఉండిపోయింది. వాళ్లమ్మ నాతో మాట్లాడదు. డాక్టరమ్మ సరేనన్నాక యాభై మూడు కిలోల్లో దింపాను. మొదటి రెండు పోటీల్లో ఘోరంగా ఓడింది. మూడోది పోయిన వారం. రెండు పాయింట్ల తేడాతో ఓడి బయటికొస్తే, "పర్లేదు, బాగా ఆడావు" అన్నాను.

"ఏం బాగా ఆడాను మేడం? కాలు పట్టు, కాలు పట్టు అని అరిచారు మీరు. ఆ పిల్ల నాకంటే బలమైంది. కిందికి వంగితే మీద పడుతుందని నాకు తెలుసు. మీరు చెప్పారని వంగాను. పడింది. మీరు చెప్పింది తప్పు."

చుట్టూ ఉన్న పిల్లలు నావైపు తిరిగారు. నా గొంతు దాకా మీ గొంతు వచ్చింది నాన్నా, నోర్ముయ్ అని. మింగాను. ఆట మొత్తం ఒకసారి మనసులో తిప్పుకున్నాను. పిల్ల చెప్పిందే నిజం.

"అవును, తప్పే చెప్పాను. నీకేం చేయాలనిపించింది?" అన్నాను.

కోపం తగ్గకుండానే ఒక తోటిపిల్లని లాగి నిలబెట్టి, చెయ్యి ఎక్కడ వెయ్యాలో, ఎటు తిరగాలో పది నిమిషాలు చూపించింది. మధ్యలో రెండుసార్లు "చూస్తున్నారా?" అని నన్ను గద్దించింది. నాకు కోచింగ్ అంటే ఏమిటో రాసివ్వమని మళ్లీ ఎవరైనా అడిగితే ఆ పది నిమిషాలు రాసిస్తాను.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. మీ దగ్గర తొమ్మిదేళ్లు ఆడాను. ఒక్కసారి కూడా మీకు అలా చెప్పలేదు. మొన్నటి ఉత్తరంలో కూడా అంతా నామీదే వేసుకుని రాశాను. మీకు కార్యదర్శి అంటే భయం, సరే. నాకు మీరంటే భయం. అయినా ఆ రోజు తూకం గదిలో మీరు చేసింది తప్పు నాన్నా.

దీనికి మీరేమంటారో నాకు తెలియాలి.

మీ చిట్టి