చెప్పుల పక్కన గిటారు

చిరంజీవి సుధాకర్‌కు,

నీవు వెళ్లిపోయి నేటికి పదేళ్లు. అయినా ‘చిరంజీవి’ అన్న ఆ తొలిమాట మార్చడానికి మనసొప్పలేదు.

ఈ ఉదయం సుబేదారి వాడలోని మన ఇంటికి, ఒకప్పటి నీలాగే నా దగ్గర పద్యం నేర్చుకోవడానికి పరకాల నుండి ఒక అమ్మాయి వచ్చింది. నీ రాక్ పాటలు వింటూ పెరిగిన పిల్ల. భుజాన ఉన్న గిటారును దించి, వాకిట్లో చెప్పుల పక్కన భద్రంగా నిలబెట్టింది.

"లోపలికి తెచ్చుకో తల్లీ, ఎండ తగులుతుంది" అన్నాను.

"వద్దు సార్. సుధాకరన్న గీడనే పెట్టేటోడట గదా! గురువు ముంగట గర్వం ఉండొద్దని స్టేజీ మీద చెప్పేటోడట. మా బ్యాండోళ్లం గూడ గట్లనే పెడ్తం."

నా తల వాలిపోయింది. అది నీ వినయం కాదు, నా నిషేధం. నీ గిటారును డబ్బా అని, చెప్పుల దగ్గరే వదిలి రమ్మన్నది నేనే. "జర నీడకు పెడ్త సార్, ఎండకు తీగలు ఖరాబైతయ్" అని మాత్రమే అన్నావు నీవు. ముప్పై నిండకుండానే పోయావు. నా మాటను మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు నిజం చెప్పేశాను.

"గట్లనా! అయితే అన్న మీ ఇజ్జత్ మస్తు కాపాడిండు సార్" అని నవ్వింది.

గిటారును నేనే ఎత్తుకొచ్చి, పురాణం చదివే వ్యాసపీఠం పక్కన ఉంచాను. నీ పాట ఒకటి మొదటినుండి పాడమన్నాను. ఇన్నేళ్లలో ఒక్కటైనా పూర్తిగా విన్నవాణ్ణి కాను.

ఆమె లోపల కూర్చొని పాడింది. నేను వాకిట్లో, నీ గిటారు ఉండే చోట కూర్చొని విన్నాను.