వేలికి తగిలేంత సందు

వదినా,

ఎవరికీ నోటితో చెప్పనని దేవుడి ముందు అత్తయ్యకు మాటిచ్చాను. అందుకే కలం పట్టాను. రాస్తే తప్పో కాదో నాకు తెలియడం లేదు.

స్నానాల గదిలో పాత నేల తీసేసి పాలరాయి టైల్స్ వేయిస్తున్నాం. మీ తమ్ముడు టైల్స్ మధ్య సందే కనపడకూడదంటారు. మేస్త్రీ ఏమో, "వెంట్రుకంత వదలాలమ్మా. వెడల్పు పెడితే సందులో నింపడానికి ఇసుక కలిసిన గ్రౌటు కావాలి, అది రాయిని గీకేస్తుంది" అంటాడు. నేను మాత్రం వేలికి తగిలేంత సందు కావాలని పట్టుబట్టాను.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నారు మీ తమ్ముడు.

కారణం ఎలా చెప్పను? అత్తయ్యకు చూపు దాదాపు పోయింది వదినా. పాత నేల మీద బొటనవేలితో సందులు తడుముతూ, నాలుగు లెక్కపెట్టి కుళాయి దగ్గర ఆగుతారు. ఒకరోజు నేను చూసేశాను.

"ఎవరికీ చెప్పకే. వాడికి తెలిస్తే నన్ను మంచం దిగనివ్వడు" అన్నారు.

సోమవారం పని మొదలు. నునుపు నేల మీద ఆవిడ జారితే? మాట తప్పితే ఆవిడ ముఖం ఎలా చూడను? మీరు కూతురు, మీరే చెప్పండి.

ఈ కాగితం దాచండి, మీ తమ్ముడికి చూపకండి. రేపేదైనా జరిగితే, నాకు ముందే తెలుసని ఆయన ముందు ఒప్పుకోవడానికి ఇది నాకు కావాలి.