రాణిగారి కుర్చీ

మార్చి 2
ప్లానెటేరియంలో ఉద్యోగం. చీకట్లో మైకు పట్టుకుని కథ చెప్పాలి, నాబ్ తిప్పి గుమ్మటం మీద చుక్కల్ని నడిపించాలి. ఫిజిక్సు డిగ్రీకి ఇంతకన్నా మోక్షం లేదు. నెలాఖరుదాకా ప్రొబేషన్. మేనేజర్‌గారు తలూపితే పర్మనెంటు. లేకపోతే ఇంట్లో కూర్చుని అమ్మకు కాజాలు కుట్టడమే. అమ్మ టైలరు.

మార్చి 6
స్క్రిప్టు సాంతం మేనేజర్‌గారి సొంత రచన. ఉత్తరాన ఎగుడుదిగుడు గీతలా ఐదు చుక్కలు. ఆవిడ కాసియోపియా అనే రాణి. నా కూతురు సముద్రకన్యలకన్నా అందగత్తె అందట. సముద్రుడికి ఒళ్లు మండి రాక్షసిని పంపాడట. దానికి బలిగా ఆ పిల్లను బండకు గొలుసులతో కట్టేస్తే, ఎవడో వీరుడొచ్చి విడిపించాడట. తల్లిని మాత్రం కుర్చీకి కట్టి ధ్రువం చుట్టూ తిప్పుతున్నారు, సగంకాలం తలకిందులుగా. చివరి వాక్యం: గొప్పలు చెప్పే తల్లులకు ఇదే గతి.
రోజుకు నాలుగు షోలు. నాలుగుసార్లూ నా నోటితోనే.

మార్చి 11
అమ్మ షోకి వచ్చింది, బట్టలు కుట్టించుకునే ముగ్గురిని వెంటేసుకుని. లైట్లు ఆరాయో లేదో, అదిగో ఆకాశం తిప్పుతోందే, అది మా పిల్లే అని హాలంతా వినబడేలా అంది. జనం గొల్లుమన్నారు. నాకు చచ్చేంత సిగ్గు. అబద్ధమెందుకు, కాస్త గర్వం కూడా.
బయట మేనేజర్‌గారు అమ్మను ఆపి, ఆ రాణి కథ మీలాంటివాళ్ల కోసమే రాశానమ్మా, కాస్త నోరు తగ్గించుకోండి అన్నారట. ఆ ముగ్గురి ఎదుటే.

మార్చి 15
మీ అమ్మాయి ఏం చేస్తోందని ఎవరో అడిగారు. మిషను తొక్కుతూ, తలెత్తకుండా, ఏదో ఉద్యోగంలెండి అంది అమ్మ.

మార్చి 16
ఏదోనట!

మార్చి 23
ముందు వరస టిక్కెట్టు కొని అమ్మకిచ్చాను. నేను రానే, నీ ఉద్యోగానికి ఎసరు పెట్టమంటావా అంది. నోరు విప్పకుండా కూర్చో తల్లీ అని బతిమాలి లాక్కెళ్లాను.
చివరి వాక్యం దగ్గర స్క్రిప్టు మడిచేశాను. అయ్యలారా అమ్మలారా, ఈవిడ చేసిన నేరం కూతుర్ని మెచ్చుకోవడం అన్నాను. ఆ నడిమి చుక్కను చూడండి, ఒకప్పుడు ఉన్నట్టుండి వెలుగు పెంచేసింది, మళ్లీ తగ్గించింది, ఎప్పుడేం చేస్తుందో శాస్త్రవేత్తలకే అంతుపట్టదు అన్నాను. మనిషిని కట్టారు గానీ నోరు కట్టలేకపోయారు అని కూడా అన్నాను.
అప్పటికే కుర్చీ ఒరుగుతోంది. ఇంకాస్తయితే తలకిందులే. నాబ్ పట్టుకుని ఎడమకు తిప్పాను. చుక్కలన్నీ ఒక్క క్షణం ఆగి, బుద్ధిగా వెనక్కి నడిచాయి. రాణిగారు నిటారుగా కూర్చున్నారు. అక్కడే ఆపేశాను. తలుపు దగ్గర మేనేజర్‌గారు టార్చి ఊపుతున్నారు. ఊపనీ.


మార్చి 31
పర్మనెంటు కాలేదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు. మెమోలో కారణం: అనుమతి లేకుండా ఆకాశమును వెనుకకు త్రిప్పుట.

ఏప్రిల్ 2
అమ్మ మెమోకి ఫ్రేము కట్టించి మిషను పైన తగిలించింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లందరికీ గట్టిగా చదివి వినిపిస్తోంది. ఇది నేను చెప్పే గొప్ప కాదండీ, ఆఫీసువాళ్లే స్టాంపు వేసి ఇచ్చారు అంటోంది.