నర్సు చీటీ, బైండరు చీటీ

అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఈ గదిలో నేనొక్కణ్నే కాబట్టి ఆ మాట రాయడం తేలిక. బావ దగ్గు తగ్గిందా? నీకింకా జ్వరాల వార్డేనా?

వేళకు తింటున్నావా అన్నావు. తింటున్నాను. బైండింగు సూది గుచ్చుకున్న వేలు మానింది. కొత్త స్నేహితులెవరైనా దొరికారా అన్నావు. ఉన్నవాళ్లే పోయారు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మా హేతువాద సంఘం కరపత్రం పంపాను, గుర్తుందిగా? మగవాళ్ల బుర్ర తర్కానికి, ఆడవాళ్ల బుర్ర ఆవేశానికి అనువైనవని పరీక్షల్లో తేలిందని అందులో ఉంది. ఆ కాపీలన్నీ నేనే కుట్టాను, నేనే వీధివీధీ తిరిగి పంచాను. దాని మీద నువ్వు ఒక్కటే ప్రశ్న రాశావు: "మార్కులు వేసినవాళ్లకి ఏ కాగితం ఆడవాళ్లదో, ఏది మగవాళ్లదో ముందే తెలుసా?" సభలో అడిగావా, ఏమన్నారు అని రెండు ఉత్తరాల నుంచీ అడుగుతున్నావు. నేను తప్పించుకుంటున్నాను.

అడిగానక్కా. మా దగ్గర ప్రశ్నలు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. పేరు చూసి మనిషిని తూచకూడదని, పేరుకు బదులు వృత్తి రాయాలని నియమం. నీ ప్రశ్న కింద "నర్సు" అని రాసి వేశాను. అధ్యక్షులు మాస్టారు చదివి, "పాపం, అమ్మాయి మనసు నొచ్చుకున్నట్టుంది" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన తర్వాతి చీటీ తీశారు.

మూడు వారాలాగి అదే ప్రశ్న, అక్షరం మార్చకుండా, "బైండరు" అని రాసి వేశాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "శభాష్! ప్రశ్నంటే ఇదీ! కరపత్రం మళ్లీ చూడాల్సిందే" అన్నారు. చప్పట్లు!

డబ్బా తాళం నా దగ్గరే కాబట్టి పాత చీటీ దాచి ఉంచాను. లేచి వెళ్లి రెండూ ఆయన ముందు పెట్టాను.

"ఒక్కసారి చేస్తే ప్రయోగమైపోతుందటయ్యా?" అన్నారు.

న్యాయమైన మాటే. మీ కరపత్రంలోవి ఎన్నిసార్లు చేశారండీ అని అడిగితే సరిపోయేది. నేను కుర్చీని తన్నాను. "దేవుణ్ని రుజువు అడుగుతారు, మీ మీసాల్ని అడగరేం?" అని అరిచాను. వెనక నుంచి మా సభ్యుడే, గడియారాల మెకానిక్, "ఆవేశం ఆడవాళ్లదని కదా అచ్చేశాం, మరి వీణ్ని ఏ లెక్కలో వేద్దాం?" అన్నాడు. ఆ ఎత్తిపొడుపు కరపత్రానికేనని, అక్కడ నా పక్షాన మాట్లాడినవాడు ఆయనొక్కడేనని ఇంటికొచ్చాక అర్థమైంది. అప్పటికే ఆయన్నీ తిట్టేశాను.

తాళంచెవి ఇచ్చేసి వచ్చాను. నాలుగు ఆదివారాలైంది. సాయంత్రం ఆరు కాగానే సభకని చెప్పులు వేసుకుంటాను. మెట్ల దాకా వెళ్లి, గుర్తొచ్చి, వెనక్కి వస్తాను. గోడవారగా పంచని కరపత్రాల కట్ట ఉంది. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే అదే పైకి చదువుకుంటాను. నా గొంతు నాకే కొత్తగా ఉంటోంది.

ఇంతవరకూ చదివితే నేనేదో వీరుణ్ననిపిస్తుంది. అందుకే ఇదీ రాయాలి. మొదటిసారి మాస్టారు అలా అన్నప్పుడు నేనూ నవ్వాను. ఆ చీటీ మా అక్కదని హాల్లో తెలిసింది నాకొక్కడికే. అయినా నవ్వాను, పక్కవాళ్లు నా మొహం చూస్తున్నారని. ఆ మూడు వారాలూ ఆలోచించింది ప్రయోగం గురించి కాదక్కా, ఆ నవ్వు గురించే.

రేపు మెకానిక్ దగ్గరికి వెళ్లి క్షమించమంటాను. నిన్నడగడానికి నోరు రావడం లేదు. రెండు చీటీలూ ఇందులో పెడుతున్నాను. ఈసారి ప్రశ్నేదైనా ఉంటే నన్నే అడుగు.

ఇట్లు,
నీ ప్రశ్నకు నవ్విన
తమ్ముడు